పెనుకొండలో ఏ పేట ఎవరిది?



బెంగుళూరు వెళ్లే రైలు ధర్మవరం దాటి హిందూపురం వైపు సాగేటప్పుడు పెనుకొండ స్టేషను వస్తుంది. అప్పటికి మనం ఏం చేస్తూ ఉంటాం? పులిహోర పొట్లాలు విప్పుతూనో, పిల్లలు పారేసిన చెప్పు సీటు కింద వెతుకుతూనో ఉంటాం. కిటికీలోంచి ఒక పెద్ద కొండ, దాని మీద గోడల్లాంటివేవో కనిపిస్తాయి. "ఏదో కోట ఉన్నట్టుందే" అనుకునేలోపు బండి కదిలిపోతుంది. ఆ కోట ఒకప్పుడు ఒక మహా సామ్రాజ్యానికి రాజధాని. ఇవాళ ఆ ఊళ్లోకి ఒకసారి దిగి, పేట పేటా తిరిగొద్దామని నా ఆలోచన.

ముందుగా ఒక సంగతి. పెనుగొండ అనగానే చాలామందికి వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారు గుర్తుకొస్తారు. అది గోదావరి తీరాన ఉన్న పెనుగొండ. నేను చెప్పేది రాయలసీమ పెనుకొండ, అనంతపురానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. సంస్కృతంలో దీన్నే ఘనగిరి అన్నారు. పెను అంటే పెద్ద, ఘనమైన అని కదా. పేరులోనే కొండ ఉంది. ఊరి కథంతా ఆ కొండదే.

పాత రాజధాని అంటే మన కళ్ల ముందుకొచ్చేది హంపి. విరిగిన స్తంభాలు, ఖాళీ బజార్లు, ఒంటరిగా నిలిచిన రాతి రథం. హంపి అందమంతా జనం లేచిపోయిన అందం. రాజులుండే చోటా, బజార్లుండే చోటా ఇవాళ గైడులూ యాత్రికులే. పెనుకొండ అలా కాదు. ఇక్కడ జనం ఊరొదిలి పోలేదు. రాజు పోయాడు, కొలువు పోయింది, సంసారాలు మాత్రం ఉండిపోయాయి. కోటగోడ పక్కనే ఇల్లు, ఇంటి ముందు ముగ్గు, పక్కనే ఏ కాలానిదో ఒక స్తంభం, దానికి కట్టిన బట్టల తీగ. క్యూబా దేశపు రాజధాని హవానా పాతబస్తీ కూడా ఇలాగే జనం కాపురమున్న పాత నగరమే. దాన్ని 1982లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మన హంపి 1986లో చేరింది. పెనుకొండ పేరు ఆ జాబితాలో లేదు. మ్యూజియంలా అద్దాల వెనక పెట్టిన ఊరికంటే పప్పు పోపు వాసన వచ్చే పాత ఊరే నాకు ఎక్కువ నచ్చుతుంది. అయితే అలాంటి ఊరు చూడాలంటే కాస్త ఓపిక ఉండాలి. ఏది ఏ కాలానిదో గోడలు పక్కపక్కనే కలిసిపోయి ఉంటాయి మరి.

అసలు ఈ మెట్ట సీమలో రాజధాని ఎందుకు పెట్టారు? అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల వరసలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత మన పేరే చెబుతూ ఉంటారు. నీళ్లు చూసుకునే వాళ్లెవరూ ఇక్కడ రాజధాని కట్టరు. కాని శత్రువును చూసుకునే వాళ్లు కడతారు. ఎక్కడానికి కష్టమైన కొండ, దాని కింద చుట్టూ గోడ కట్టుకోవడానికి అనువైన చోటు. విజయనగరాన్ని స్థాపించిన సోదరుల్లో ఒకరైన బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీర విరుపణ్ణ ఒడయరుకు అప్పగించాడనీ, ఆయన కాలంలోనే కోట కట్టారనీ ఉత్తరపు వాకిట ఉన్న శాసనం చెబుతోంది. అది 1354 నాటి మాట.

అక్కణ్ణుంచి రెండు వందల ఏళ్లు పెనుకొండ విజయనగరానికి ఇనప్పెట్టె. మనింట్లో ఏముంటాయండీ ఇనప్పెట్టెలో? నగలుంటాయి, దస్తావేజులుంటాయి, ఇంకొకరి కంట పడకూడనివి ఏవైనా ఉంటాయి. రాజులూ అంతే. సాళువ నరసింహరాయలు పోయాక ఆయన కొడుకు చిన్నవాడు. రాజ్యం చూసుకుంటానని పూనుకున్న తుళువ నరసనాయకుడు ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఈ కోటలోనే కాపలా పెట్టి ఉంచాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. పేరుకు రాజు, ఉండేది చెర. చివరికి 1505లో ఆ రాకుమారుడు హత్యకు గురయ్యాడు. నాగమ నాయకుల పేర్లూ, యుద్ధాల తేదీలూ మనకి గుర్తుండవు గాని, కన్నవాళ్లు లేని పిల్లవాణ్ణి "చూసుకుంటాం" అని తీసుకొచ్చి తాళం వేసిన సంగతి వింటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

ఇంకో సంగతి. లేపాక్షి గుడి అందరూ చూసే ఉంటారు. వేలాడే స్తంభం కింద చీర కొంగు దూర్చి చూడని ఆడవాళ్లుండరు. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో ఈ పెనుకొండ ఖజానా చూసుకునే అధికారి. ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడనీ, రాజు శిక్ష వేసేలోపు తన కళ్లు తానే పొడుచుకుని గోడకేసి కొట్టాడనీ కథ చెబుతారు. గోడ మీద ఎర్ర మరకలు కూడా చూపిస్తారు. కథ ఎంత నిజమో గాని, ఖజానా ఇక్కడ ఉండేదన్నది మాత్రం నిజం.

సరే, ఊళ్లోకి వెళదాం. చాలామంది రాజుల మేడతో మొదలుపెడతారు. నేను అంతకంటే పాతవాళ్ల దగ్గర మొదలుపెడతాను.

పెనుకొండలో జైనుల గుడి ఉంది, పార్శ్వనాథ బసది. లోపల పార్శ్వనాథుడు నిలబడి ఉంటాడు. వెనక సర్పం మెలికలు మెలికలుగా పైకి వెళ్లి తలపైన పడగ విప్పి ఉంటుంది. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచి, పెనుకొండ – ఈ నాలుగూ తమ విద్యాస్థానాలని జైనులు చెప్పుకుంటారు. ఢిల్లీ సరసన పెనుకొండ! ఇవాళ ఆ పేరు విన్న మన పిల్లలు నవ్వుతారేమో. ఉత్తరాది నుంచి యాత్రికులు ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తారు. మనకే తెలీదు.

తర్వాత బాబయ్య దర్గా. హజ్రత్ బాబా ఫకృద్దీన్ అనే సూఫీ మహనీయుడి సమాధి అది. ఆయన 13వ శతాబ్దం వాడు. విజయనగరం పుట్టింది 1336లో గదా, అంటే రాయల కోట కంటే ముందే ఆయన ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడన్నమాట. ఆయన ఎక్కడో ఇరాన్ సరిహద్దున ఉన్న సీస్తాన్ దేశపు రాజవంశీకుడనీ, సింహాసనం వదులుకుని తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ దగ్గర శిష్యుడుగా చేరాడనీ చెబుతారు. గురువు ఒక పందుంపుల్ల ఇచ్చి, "రోజూ రాత్రి ఇది నేలలో గుచ్చు, ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపో" అన్నాడట. ఊళ్లు దాటుకుంటూ వచ్చి వచ్చి, చివరికి అది పెనుకొండలో చిగురు వేసిందట. ఈ కథ నాకెందుకిష్టమంటే, ఎండిన పుల్ల చిగురించడానికి కావేరి గట్టునో కృష్ణ ఒడ్డునో వదిలేసి ఈ కరువు నేలను ఎంచుకుంది. ఏటా ఉరుసుకు కర్ణాటక నుంచీ, తమిళనాడు నుంచీ జనం వస్తారు. కులమతాలతో పని లేకుండా వస్తారు. మొక్కుకున్న వాళ్లకు బాబయ్య అని పేరు పెట్టుకోవడం మా వైపు మామూలే. బాబయ్య, బాబమ్మ – ఈ పేర్లు విని మీరు ఏ మతమని అడిగారో, మా అనంతపురం వాళ్లకి జవాబు చెప్పడానికి కాసేపు పడుతుంది.

ఇక కోట లోపల నడి ఊళ్లో రామాలయం, శివాలయం పక్కపక్కనే ఉన్నాయి. తోబుట్టువుల ఇళ్లలా గోడకు గోడ. రామాలయం గోడల మీద రామాయణ కథ, శివాలయం మీద శివుడి కథలు చిన్న చిన్న బొమ్మలుగా చెక్కారు. పెద్ద శిల్పాలు చూడ్డానికి అలవాటుపడ్డ కళ్లకి ఇవి ఆనవు. దగ్గరగా వెళ్లి, గళ్ల చీరలో బుటాలు చూసినట్టు ఒక్కొక్కటే చూసుకోవాలి. కాస్త అవతల షేర్ఖాన్ మసీదు. అది కూడా రాతి కట్టడమే. గుడి కట్టిన చేతులకూ మసీదు కట్టిన చేతులకూ ఉలి ఒకటే గదా.

రాజుల పేటకు వచ్చాం. దీనికి కాస్త వెనక కథ చెప్పాలి.

1565 జనవరిలో తళ్లికోట యుద్ధం జరిగింది. అళియ రామరాయలు పోరులో చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరానికి పరుగున వచ్చి, ఖజానాలో ఉన్నదంతా ఏనుగుల మీద కెత్తించుకుని పెనుకొండ దారి పట్టాడు. సీవెల్ అనే ఇంగ్లీషు దొర 1900లో రాసిన పుస్తకంలో ఆ ఏనుగులు 550 అని ఉంది. బంగారం, వజ్రాలు, రత్న సింహాసనం. ఇనప్పెట్టె ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు కదా. నగరంలో మిగిలిపోయిన జనం గతి ఏమిటని మాత్రం ఆ ఏనుగుల లెక్క రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. వర్తకులూ, నేతగాళ్లూ, పూలమ్మే ఆడవాళ్లూ రేపో మాపో కాపాడే సేన వస్తుందని చూస్తూ కూర్చున్నారు. ముందుగా దోపిడీగాళ్లు వచ్చారు, తర్వాత సుల్తానుల సైన్యం వచ్చింది.

తిరుమలరాయలు ఆ తర్వాత ఒకసారి వెనక్కి వెళ్లి విజయనగరాన్ని మళ్లీ నిలబెట్టాలని చూశాడు. కుదరలేదు. 1567లో అటుగా వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రాజు తన కొలువుతో సహా ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న పెనుకొండ కోటకు వెళ్లిపోయాడని రాశాడు. ఎనిమిది రోజులు! ఒక ఇల్లు మారితేనే మనకి నెల పడుతుంది సర్దుకోవడానికి. ఊరగాయ జాడీ ఎక్కడో, దాని మూత ఎక్కడో. అలాంటిది ఒక రాజధాని ఇల్లు మారింది.

1570లో తిరుమలరాయలు ఇక్కడ పట్టాభిషేకం చేసుకున్నాడు. అలా ఆరవీటి వంశం మొదలైంది. గగన్ మహల్ అని ఇవాళ చూపించే మేడ 16వ శతాబ్దపు కట్టడం. రాయలవారి వేసవి విడిది అంటారు. రెండంతస్తులు. కింద చూస్తే సుల్తానుల కట్టడాల్లో కనిపించే కమానులు, పైన చూస్తే గుడి గోపురంలాంటి శిఖరం. యుద్ధంలో ఓడించిన వాళ్ల పద్ధతి కమానుల్లోనూ, తమ పద్ధతి శిఖరంలోనూ పెట్టుకున్నారు. ఇందులో నాకేమీ వింత కనిపించదు. పొరుగింటి కూర రుచిగా ఉంటే, వాళ్లతో మాటలు లేకపోయినా మనం వండమూ? మేడ దగ్గరే మెట్లబావి కూడా ఉంది. వేసవి విడిదికి అందం బావే కదా.

ఇక్కడ హంపిని మళ్లీ తలుచుకోవాలి. విజయనగరం పేటల పేర్లు ఒక్కసారి వినండి. నాగలాపురం – ఇవాళ్టి హోసపేట – కృష్ణదేవరాయలు తను ప్రేమించి పెళ్లాడిన నాగలాదేవి పేరున కట్టించాడని న్యూనిజ్ చెప్పాడు. వరదాదేవి అమ్మణపట్టణం అచ్యుతరాయల రాణి వరదాంబిక పేరు మీద. రాజధానిలో పేటకు ఆడపేరు పెట్టడం అప్పటి వాళ్లకి వాడుక. పెనుకొండకు వచ్చేసరికి ఆ పేర్లు కనిపించవు. ప్రేమించినవాళ్ల పేర్న పేటలు కట్టే కాలం దాటిపోయింది. ఇక్కడ కట్టిందంతా గోడలూ, వాకిళ్లూ, బురుజులూ. ఊళ్లో గొప్ప కట్టడాలు తక్కువని మూతి విరిచే వాళ్లకి నేను చెప్పేది ఇదే – వాళ్లకి ముట్టడి లేని సంవత్సరాలు దొరికితే గదా కట్టడానికి!

1576లో బిజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా వచ్చి కోటను చుట్టుముట్టాడు. అప్పుడు రాజు శ్రీరంగరాయలు. కోటను చెన్నప్ప నాయకుడికి అప్పగించి ఆయన చంద్రగిరికి వెళ్లాడు. మూడు నెలలు ముట్టడి సాగింది. కోట లొంగలేదు. ఆ సమయంలో రాయలకు సాయం చేసినవాడు ఎవరనుకున్నారు? గోల్కొండ సుల్తాను! తళ్లికోటలో కత్తి దూసిన గోల్కొండే పదకొండేళ్లకు పక్క మార్చింది. బిజాపూరు మరీ బలపడితే తనకు ముప్పని దాని లెక్క. చరిత్ర పాఠంలో హిందూ ముసల్మాను యుద్ధాలని ఒక్క ముక్కలో చెప్పేస్తారు గాని, దగ్గరికి వెళ్లి చూస్తే ఇంటి పంచాయితీలంత చిక్కుగా ఉంటుంది.

1589లో ఆ గోల్కొండే మళ్లీ పెనుకొండ మీదికి వచ్చింది. వచ్చినవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా. రెండేళ్ల తర్వాత హైదరాబాదు నగరాన్ని కట్టించినవాడు. అప్పుడు పెనుకొండలో రాజు వెంకటపతి రాయలు. ఈ ముట్టడి కథ మనం వినాల్సిన కథ. కోటలో తిండి గింజలు నిండుకున్నాయి. వెంకటపతి సంధి మాటలు మొదలుపెట్టాడు. సుల్తాను నమ్మి సేనను కాస్త వెనక్కి తీశాడు. అంతే! ఆ సందులో మూడు రోజుల్లో కోటలోకి సామానంతా ఎక్కించేశారు. జగదేవరాయలూ ఇతర నాయకులూ సేనలతో సహా లోపలికి వచ్చి చేరారు. సుల్తాను మోసం గ్రహించి మళ్లీ వచ్చేసరికి తలుపులు మూసి, గాదెలు నింపి కూర్చున్నారు. వానాకాలం వస్తే కృష్ణ పొంగి తను వెనక్కి పోయే దారి మూసుకుపోతుందని సుల్తాను భయపడి తరలిపోయాడు.

కోట కాపాడినవాడని చరిత్రలో జగదేవరాయల పేరుంది. ఉండాల్సిందే. ఆ మూడు రోజుల్లో వడ్లు, రాగులు, ఉలవలు, ఉప్పు, చింతపండు, నూనె ఇన్ని రోజులకు ఇంత అని లెక్క వేసి, దంచి, చెరిగి, గాదెల్లో పోసిన వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ఆ పని ఎవరు చేసి ఉంటారో మనకి ఒకరు చెప్పాలా? పెళ్లి వారం ఉందనగా సరుకు ఇంటికి చేర్చడమంటే ఏమిటో మనకి తెలుసు. ఇక్కడ గుమ్మం బయట పెళ్లివారు కాదు, ఫిరంగులు.

గింజలు మూడు రోజుల్లో ఎక్కించారు సరే, నీళ్లో? నీళ్లు మూడు రోజుల్లో ఎక్కవు. దానికి రెండు వందల ఏళ్ల ముందునుంచీ పని చేయవలసి వచ్చింది.

పెనుకొండ చరిత్రలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే శాసనం కోటలో లేదు. ఇవాళ కర్ణాటకలో ఉన్న గౌరిబిదనూరు తాలూకాలో ఉంది. 1388 నాటిది. రెండో హరిహర రాయలు చక్రవర్తి. ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమ చూసుకునేవాడు. పెనుకొండ పట్నానికి పెన్నేరును తీసుకురావాలని ఆయన ఆజ్ఞ. ఎవరికి? సింగాయభట్టు అనే ఆయనకు. ఈయన దశవిద్యలు నేర్చినవాడని, జలసూత్రం తెలిసినవాడని శాసనం చెబుతుంది. నీళ్ల ఇంజనీరన్నమాట. ఆయన పెన్న నుంచి కాలువ తవ్వించి సిరువెర చెరువుకు నీళ్లు మళ్లించాడు. ఆ కాలువకు ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని రాజు పేరు పెట్టాడు. నా మాట అడిగితే ఇంజనీరు పేరు పెట్టాల్సింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆరు వందల ఏళ్ల కిందట, గొట్టాలు లేవు, పంపులు లేవు. నీరు పల్లానికి పారుతుందన్న ఒక్క నిజాన్ని నమ్ముకుని, మిట్టల చుట్టూ తిప్పి, వాలు చెడకుండా కాలువ నడిపించాలి. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది, తక్కువైతే నీళ్లు నిలిచిపోతాయి. ఇలా తెచ్చిన నీళ్లు ఒక చెరువు నింపి, దాని అలుగు కింది చెరువు నింపి, అలా గొలుసులా సాగాలి. పెనుకొండ ఊరి కింద ఉన్న భోగసముద్రం చెరువు, బుక్కపట్నం చెరువు, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం – ఈ పేర్లు వినండి. ఈ సీమలో సముద్రమంటే చెరువే. అసలు సముద్రం చూడని వాళ్లు పెట్టుకున్న పేర్లు అవి. పక్కన కడప సీమలో పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు కట్టాలంటే ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, రాకూడని ఆరు దోషాలేమిటో వంటల పుస్తకంలో కొలతలు రాసినట్టు దాంట్లో రాసిపెట్టారు. ఆ చెరువుకు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పని చేశారట.

మూడు నెలల ముట్టడిలో పెనుకొండ దాహంతో చావలేదంటే దానికి కారణం బురుజులు ఒక్కటే అని నేననుకోను.

కథ త్వరగా ముగిస్తాను. 1592 ప్రాంతంలో వెంకటపతి రాయలు కొలువును చంద్రగిరికి మార్చాడు. తర్వాత వేలూరు. ఈ వంశం నీడలోనే, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఇసక దిబ్బలాంటి చోటు ఒకటి ఇచ్చాడు. అదే మద్రాసు అయింది. పెనుకొండ మాత్రం 17వ శతాబ్దం మధ్యలో బిజాపూరు చేతికి చిక్కింది. ఆ తర్వాత మరాఠాలు, హైదరాలీ, టిప్పు, నిజాము – చేతులు మారుతూ పోయింది. 1800లో నిజాం రాయలసీమను ఇంగ్లీషు వాళ్లకి దత్తం చేశాడు. మన్రో దొర కలెక్టరుగా అనంతపురంలో కాపురం పెట్టాడు.

ఇంగ్లీషు వాళ్ల కాలంలో పెనుకొండకు ఇంకో పేట వచ్చింది, ఆఫీసుల పేట. సబ్ కలెక్టరు బంగళా, కచేరీలు, తర్వాత రైలు స్టేషను. రాజులు పోయినా దర్బారు పోలేదన్నట్టు రైతులు అర్జీలు పట్టుకుని ఇక్కడికే వచ్చేవాళ్లు. ఆ బంగళాలో ఒక కాలంలో పిట్ దొరగారి భార్య ఉండేది. ఆవిడకు సాహిత్యం మీద ప్రేమ. ఊళ్లో ఒక కుర్రవాడు సంస్కృతం, సంగీతం, నాట్యం నేర్చుకుంటూ తిరిగేవాడు. అతనికి ఆవిడ ఇంగ్లీషు కవులను చదివి చెప్పింది. ఆ కుర్రవాడే పుట్టపర్తి నారాయణాచార్యులు, శివతాండవం రాసిన మహాకవి. 1914లో మా అనంతపురం దగ్గర చియ్యేడులో పుట్టి, పెనుకొండలో పెరిగారు. ఈ కూలిన గోడలే ఆయన ఆడుకున్న చోటు. పధ్నాలుగేళ్ల వయసులోపే "పెనుగొండ లక్ష్మి" అనే కావ్యం రాశారు, ఈ ఊరి పోయిన వైభవం మీద. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, తను చిన్నప్పుడు రాసిన ఆ పుస్తకమే పాఠ్యగ్రంథంగా వచ్చిందనీ, ఆ పేపర్లోనే తప్పారనీ ప్రసిద్ధంగా చెప్పుకుంటారు. మార్కులు చాలని పిల్లల తల్లులు ఈ మాట గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

మీలో ఎవరైనా పెనుకొండ వెళ్లదలిస్తే ఎండాకాలం వద్దు. కార్తీకం దాటాక, చలికాలంలో వెళ్లండి. కొండెక్కాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. పైన నరసింహస్వామి గుడి, పాడుపడిన కట్టడాలు ఉన్నాయి. మంచినీళ్లు మోసుకు వెళ్లండి. ఊళ్లోవాళ్లని అడిగితే తిమ్మరుసు సమాధి అని ఒకటి చూపిస్తారు. కృష్ణదేవరాయల మంత్రి తన చివరి రోజులు ఈ ఊళ్లోనే గడిపాడని ఇక్కడి నమ్మకం.

ఒక్కటి మాత్రం చూసి బాధపడతారు. రాయలసీమలో పాత గుళ్లల్లో, కోటల్లో గుప్తనిధుల కోసం రాత్రిళ్లు తవ్వే పిచ్చి ఇంకా పోలేదు. పేపర్లో వార్త వస్తూనే ఉంటుంది. ఆ 550 ఏనుగుల కథే వాళ్లని పాడుచేసింది. నందిని పెకలిస్తారు, విగ్రహం కింద గునపం వేస్తారు. ఇరవై ఏళ్లపాటు రెండు ముట్టడులకూ, సైన్యాల జీతాలకూ ఖర్చు పెట్టాక ఆ బంగారంలో మనకోసం ఎంత దాచి ఉంటారండీ? మన ఇళ్లలో మగవాళ్లు, పిల్లలు అలాంటి మాట ఎత్తితే ఈ లెక్క చెప్పి చూడండి.

ఊరి నుంచి బయటికి వచ్చేటప్పుడు యర్రమంచి వాకిలి గుండా రండి. అక్కడ దాదాపు 11 అడుగుల ఆంజనేయస్వామి నిలబడి ఉన్నాడు. కోటలోకి వచ్చేపోయే వాళ్లందరినీ చూస్తూ ఉన్నవాడు. ఆ వాకిలికి పేరిచ్చిన యర్రమంచి గ్రామం దగ్గర ఇవాళ కొరియా వాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం జరిగి, 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఇంత కరువు సీమలో అంత పెద్ద ఫ్యాక్టరీకి నీళ్లెక్కణ్ణుంచి అని అడగాలనిపిస్తుంది కదూ? దగ్గర్లోనే ఉన్న గొల్లపల్లి జలాశయం నుంచి. ఆ జలాశయానికి హంద్రీనీవా కాలువలో కృష్ణ నీళ్లు 2016 చివర్లో వచ్చాయి. శ్రీశైలం దగ్గర పంపులతో ఎత్తి, మిట్ట మీద మిట్ట ఎక్కించి తెచ్చిన నీళ్లు. సింగాయభట్టు పల్లానికి నడిపించాడు, వీళ్లు మిట్టకు ఎక్కించారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా కేంద్రం పుట్టపర్తి అయింది. పెనుకొండకు రెవెన్యూ డివిజను ఆఫీసు మిగిలింది. అర్జీలు పట్టుకుని వచ్చే రైతులు ఇప్పటికీ అక్కడికే వస్తున్నారు. వాళ్లని ఆపి ఏమిటయ్యా అర్జీ అని అడిగితే, పదిమందిలో సగం మంది చెప్పేది నీళ్ల సంగతే.